ఉదయం ఒకలా, మధ్యాహ్నం మరొకలా: లూయీ బాడీ డిమెన్షియాలో తెలివి హెచ్చుతగ్గులు

ఉదయం కాఫీ తాగుతూ పేపరు చదివి, మనవడి స్కూలు ఫీజు గడువు ఎప్పుడో గుర్తుచేసిన పెద్దాయన పదకొండు గంటలకల్లా అదే కుర్చీలో గోడకేసి చూస్తూ ఉండిపోతాడు. పిలిస్తే పలకడు. పలికినా మాటకూ మాటకూ పొంతన ఉండదు. సాయంత్రానికి మళ్లీ మామూలు మనిషి. 'చుట్టాలొస్తే బాగానే ఉంటారు, మన దగ్గరే ఇలా' అని ఇంట్లో వాళ్లు విసుక్కుంటారు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లిన రోజున అడిగిన ప్రతిదానికీ చక్కగా జవాబు చెప్పేస్తే, కావాలనే చేస్తున్నారన్న అనుమానం ఇంకా బలపడుతుంది.

లూయీ బాడీ డిమెన్షియా ఉన్నవారిలో ఈ మార్పులు జబ్బు ముఖ్య లక్షణాల్లో ఒకటి. వైద్యులు వీటిని కాగ్నిటివ్ ఫ్లక్చుయేషన్స్ అంటారు, అంటే తెలివిలో హెచ్చుతగ్గులు. ధ్యాస, మెలకువ, ఆలోచనలోని స్పష్టత కొన్ని నిమిషాల్లోనో, గంటల్లోనో, రోజుల్లోనో పడిపోయి తిరిగి వస్తాయి. పడిపోవడానికి బయట కారణం కనిపించకపోవచ్చు. తిరిగి రావడానికీ అంతే.

ఏమిటీ జబ్బు

ఆల్ఫా-సిన్యూక్లిన్ అనే ప్రొటీన్ నాడీకణాల్లో ముద్దలుగా పేరుకుపోవడం దీనికి మూలం. ఈ ముద్దలను జర్మనీకి చెందిన ఫ్రెడ్రిక్ లూయీ 1912లో పార్కిన్సన్స్ రోగుల మెదళ్లలో చూసి వర్ణించాడు. అవే మెదడు పైపొరలో వ్యాపించి డిమెన్షియా తెస్తాయని 1976 నుంచి జపాన్ వైద్యుడు కెంజి కొసాకా వరుసగా రాసిన వ్యాసాలతో వెలుగులోకి వచ్చింది. ముద్దల్లో ఉన్నది ఆల్ఫా-సిన్యూక్లిన్ అని తేలింది మాత్రం 1997లోనే.

ఒకే కారణం నుంచి రెండు దారులు. ముందు వణుకు, బిగుసుకుపోవడం వంటి పార్కిన్సన్స్ లక్షణాలు వచ్చి, ఏడాదికి పైగా గడిచాక తెలివి దెబ్బతింటే దాన్ని పార్కిన్సన్స్ డిమెన్షియా అంటారు. తెలివి ముందే దెబ్బతిన్నా, రెండూ ఏడాది లోపు వచ్చినా డిమెన్షియా విత్ లూయీ బాడీస్ అంటారు. ఈ రెంటినీ కలిపి పిలిచే పేరే లూయీ బాడీ డిమెన్షియా. హెచ్చుతగ్గులు రెంటిలోనూ ఉంటాయి.

నిపుణులు 2017లో సవరించిన ప్రమాణాల ప్రకారం డిమెన్షియా విత్ లూయీ బాడీస్‌కు ప్రధాన లక్షణాలు నాలుగు: తెలివిలో హెచ్చుతగ్గులు, లేని మనుషులో జంతువులో స్పష్టంగా కళ్లకు కనిపించడం, కలల్లో జరిగేదాన్ని నిద్రలోనే చేతులు కాళ్లు విసురుతూ చేయడం, పార్కిన్సన్స్ లక్షణాలు. డిమెన్షియాతో పాటు వీటిలో రెండు ఉంటే జబ్బు ఇదే కావచ్చని గట్టిగా భావిస్తారు. నిద్రలో కేకలు వేయడం, తన్నడం మతిమరుపు కంటే ఎన్నో ఏళ్లు ముందే మొదలు కావచ్చు. పక్కన పడుకునే భార్యకో భర్తకో తెలిసిన ఈ సంగతిని డాక్టరు అడగరు, వీళ్లు చెప్పరు.

అల్జైమర్స్‌తో తేడా

అల్జైమర్స్ ఉన్నవారికీ మంచి రోజులు, చెడ్డ రోజులు ఉంటాయి. అయితే అక్కడ చెడ్డ రోజుకు ఎక్కువగా ఒక సందర్భం ఉంటుంది: కొత్త చోటు, చేతకాని పని, పెళ్లింటి సందడి. చీకటి పడే వేళకు అయోమయం పెరగడం కూడా మామూలే. లూయీ బాడీ డిమెన్షియాలో ధ్యాసే తెగిపోతుంది. చేస్తున్న పని మధ్యలో, తింటున్న ముద్ద మధ్యలో కూడా తెగవచ్చు. దీనికి వేళాపాళా ఉండదు.

హాలీవుడ్ నటుడు రాబిన్ విలియమ్స్ 2014 ఆగస్టులో మరణించారు. అంతకు కొన్ని నెలల ముందు ఆయనకు పార్కిన్సన్స్ అని చెప్పారు. మెదడంతా లూయీ బాడీలు వ్యాపించాయని పోస్ట్‌మార్టంలో గానీ తెలియలేదు. ఆయన భార్య సుజాన్ 2016లో న్యూరాలజీ పత్రికలో రాసిన వ్యాసం ఈ జబ్బుపై వచ్చిన ముఖ్యమైన సాక్ష్యాల్లో ఒకటి. ఒక నిమిషం ఎంతో స్పష్టంగా తర్కించే మనిషి ఐదు నిమిషాల్లో శూన్యంలోకి జారిపోవడాన్ని ఆమె అందులో వివరించారు. మూడేళ్ల ముందు బ్రాడ్‌వే వేదికపై వందలాది డైలాగులు తప్పు లేకుండా చెప్పిన నటుడికి చివరి సినిమాల్లో ఒక్క డైలాగు గుర్తుపెట్టుకోవడమే కష్టమైంది.

మెదడులో ఏం జరుగుతుంది

పూర్తి సమాధానం ఇంకా లేదు. బలమైన ఆధారం ఉన్నది ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విషయంలో. మెదడును మెలకువగా, ఒక విషయంపై నిలకడగా ఉంచే పనిలో దీనిది పెద్ద పాత్ర. ఈ జబ్బులో ఎసిటైల్‌కోలిన్ లోటు అల్జైమర్స్‌లో కంటే ముందుగానే, ఎక్కువగానే ఉంటుంది. ఇఇజి పరీక్షలో మెదడు వెనుక భాగపు తరంగాలు నెమ్మదించి, వాటి వేగం క్షణక్షణానికీ మారుతుండటం కనిపిస్తుంది. అందుకే నిర్ధారణకు తోడ్పడే ఆధారాల్లో ఇఇజినీ 2017 ప్రమాణాల్లో చేర్చారు.

జ్ఞాపకాలను దాచుకునే భాగాలు మొదట్లో అల్జైమర్స్‌లో అంతగా దెబ్బతినవు. ధ్యాస తిరిగి రాగానే పాత మనిషి తిరిగి వచ్చినట్టు అనిపించేది ఇందువల్లే.

ఈ రసాయనం కథకు మందుల షాపుతో నేరుగా సంబంధం ఉంది. ఎసిటైల్‌కోలిన్ విరిగిపోకుండా కాపాడే రివాస్టిగ్మిన్‌ను 120 మంది రోగులపై పరీక్షించి 2000లో లాన్సెట్‌లో ఫలితాలు ప్రచురించారు. భ్రాంతులు తగ్గాయి, ధ్యాసకు సంబంధించిన పరీక్షల్లో మెరుగుదల కనిపించింది. జపాన్ 2014లో డొనెపెజిల్‌ను ఈ జబ్బుకు అనుమతించింది. రెండూ మన దేశంలో దొరుకుతాయి. జబ్బును అవి ఆపవు. గుండె వేగం తగ్గడం, వాంతులు వంటి ఇబ్బందులు ఉండొచ్చు కాబట్టి డాక్టరు పర్యవేక్షణ తప్పనిసరి. మరోవైపు ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకునే మందులు ఉన్న కొద్దిపాటి మెలకువనూ లాగేస్తాయి. వణుకుకు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్, నిద్రకో నొప్పికో ఇచ్చే అమిట్రిప్టిలిన్, మూత్రం ఆపుకోలేనివారికిచ్చే ఆక్సీబ్యుటినిన్ ఆ కోవలోవే. చీటీ లేకుండా కొనుక్కునే జలుబు మాత్రల్లోని క్లోర్‌ఫెనిరమిన్ కూడా.

డాక్టరుకు ఎలా తెలుస్తుంది

ఓపీలో పది నిమిషాల పరీక్షకు ఇది చిక్కదు. ఇంట్లోవాళ్లు చెప్పేదే ప్రధాన ఆధారం. 'మతి ఒక్కోసారి బాగుంటుందా?' అని అడిగితే ఏ డిమెన్షియా రోగి కుటుంబమైనా అవుననే అంటుంది. ఈ చిక్కును దాటేందుకు అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 2004లో నాలుగు ప్రశ్నలు ఖరారు చేశారు. రాత్రి సరిపడా నిద్రపోయినా పగలు మగతగా, నీరసంగా ఉంటున్నారా? పగటిపూట రెండు గంటలు, అంతకు మించి నిద్రపోతున్నారా? చాలాసేపు శూన్యంలోకి చూస్తూ ఉండిపోతున్నారా? మాట పొంతన లేకుండా పోయే సమయాలు ఉంటున్నాయా? మూడు లేదా నాలుగింటికి అవునన్న జవాబు లూయీ బాడీ రోగుల్లో 63 శాతం మందికి వచ్చింది. అల్జైమర్స్ రోగుల్లో అది 12 శాతం మాత్రమే. తేదీ, సమయం రాసిపెట్టుకున్న నోటుబుక్కు, ఫోన్లో తీసిన చిన్న వీడియో డాక్టరుకు ఎంతో పనికొస్తాయి.

తెలుగు నేలపై కూడా ఈ రోగులున్నారు. రెండు భాషలు మాట్లాడేవారికి డిమెన్షియా ఆలస్యంగా వస్తుందని చెప్పి ప్రపంచవ్యాప్తంగా చర్చకు వచ్చిన హైదరాబాద్ నిమ్స్ అధ్యయనం 2013లో వెలువడింది. అందులోని 648 మంది డిమెన్షియా రోగుల్లో 55 మందికి డిమెన్షియా విత్ లూయీ బాడీస్ ఉంది. మన దగ్గర ఇది విదేశాల జబ్బన్న భావన ఎందుకు నిలిచిందో గానీ, ఆ లెక్క మాత్రం దాన్ని సమర్థించదు.

ప్రమాదం ఎక్కడ

హెచ్చుతగ్గులను పొరబడటంలో రెండు పెద్ద ప్రమాదాలున్నాయి. మొదటిది, అన్నిటినీ జబ్బు ఖాతాలో వేయడం. ఒకటి రెండు రోజుల్లో మనిషి హఠాత్తుగా దిగజారి, తిరిగి తేరుకోకపోతే అది డెలీరియం కావచ్చు. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, రక్తంలో సోడియమో షుగరో పడిపోవడం, మలబద్ధకం, కొత్తగా మొదలుపెట్టిన మాత్ర, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. చాలావాటికి చికిత్స ఉంది. ఈ జబ్బులో లేచి నిలబడగానే బీపీ పడిపోవడం కూడా ఎక్కువే. పడుకున్నప్పుడు, నిలబడ్డాక రెండుసార్లు కొలిస్తేనే అది బయటపడుతుంది.

రెండోది ప్రాణాంతకం. అయోమయంలో కేకలు వేసే పెద్దాయనను రాత్రివేళ ఎమర్జెన్సీకి తీసుకెళ్తే, శాంతింపజేయడానికి హలోపెరిడాల్ ఇంజెక్షన్ ఇవ్వడం మామూలు. లూయీ బాడీ రోగులకు యాంటీసైకోటిక్ మందులిస్తే దాదాపు సగం మందిలో తీవ్రమైన ప్రతిచర్య రావచ్చు. ఒళ్లు కట్టెలా బిగుసుకుపోతుంది, స్పృహ తగ్గుతుంది, మరణమూ సంభవించవచ్చు. రోగి పేరు, జబ్బు పేరు, ఇవ్వకూడని మందుల పేర్లు రాసిన కార్డు పర్సులో ఉంచాలని నిపుణులు చెప్పేది అందుకే.

సంతకం ఎప్పుడు చెల్లుతుంది

బ్యాంకు కాగితాలు, ఇంటి రిజిస్ట్రేషన్, వీలునామా దగ్గర ఈ హెచ్చుతగ్గులు కుటుంబ తగాదాగా మారతాయి. 'నాన్నకు మతి లేనప్పుడు రాయించుకున్నారు' అని ఒకరు, 'ఆ రోజు బాగానే ఉన్నారు' అని మరొకరు. ఇద్దరూ చూసింది నిజమే కావచ్చు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 12వ సెక్షన్ ఈ పరిస్థితిని ఊహించినట్టే ఉంటుంది. సాధారణంగా మతి స్థిమితం లేకపోయినా, అప్పుడప్పుడు స్థిమితంగా ఉండే వ్యక్తి ఆ సమయంలో ఒప్పందం చేసుకోవచ్చు. వీలునామా విషయంలో 1925 నాటి వారసత్వ చట్టం 59వ సెక్షనూ ఇదే మాట చెబుతుంది. అంటే చట్టం చూసేది జబ్బు పేరును కాదు, సంతకం పెట్టిన గడియను.

పవర్ ఆఫ్ అటార్నీ సంగతి వేరు. ఇచ్చిన వ్యక్తికి మతి స్థిమితం పోతే అది రద్దవుతుందని కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ చెబుతుంది. తెలివి పోయాక కూడా కొనసాగే పత్రం బ్రిటన్‌లో ఉంది, మన దగ్గర లేదు. సరిగ్గా అవసరమైన వేళకే మన పత్రం పనికిరాకుండా పోతుందన్నమాట. అందుకే జబ్బు తొలిదశలోనే జాయింట్ అకౌంట్లు, నామినేషన్లు, వీలునామా పూర్తి చేసుకోవడం మేలు. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, రెండు సాక్షి సంతకాలు ఉండాల్సిందే. వాటితో పాటు, ఆ వ్యక్తిని అదే రోజు పరీక్షించిన డాక్టరు తేదీ, సమయం వేసి ఇచ్చిన ధ్రువపత్రాన్ని జతచేస్తే, తర్వాత కోర్టులో అడిగే మొదటి ప్రశ్నకు జవాబు ఉంటుంది.