అరుణా మిల్లరు: పరదేశమున ప్రజాధికారము

హుజూరాబాదు పరిసరములందలి వంగర గ్రామమునకు చెందిన పాములపర్తి వేంకట నరసింహారావుగారు 1984వ సంవత్సరమున మహారాష్ట్రములోని రాంటెక్ నుండి లోకసభకు ఎన్నికైరి. అచటి భాష వేఱు, సీమ వేఱు. అయినను పౌరత్వ మొక్కటియే గావున శాసనబాధ యేమియు లేకుండెను. పౌరత్వమునే మార్చుకొని పరదేశప్రజలచే నధికారమును బడయుట యింతకంటె మిక్కిలి కఠినము. తెలుగువారిలో నిందుకు ముఖ్యోదాహరణము, పుట్టినింట కాట్రగడ్డవారి యాడుబిడ్డ యగు అరుణా మిల్లరుగారు.

ఈమె 1964వ సంవత్సరము నవంబరు 6వ తేదీని హైదరాబాదున జన్మించి, 1972లో ఏడేండ్ల ప్రాయమున అమెరికా చేరిరి. మిస్సోరీ రాష్ట్రమున సివిల్ ఇంజనీరింగు చదివి 1989లో పట్టమును బడసి, పిమ్మట మేరీలాండు రాష్ట్రములోని మాంట్‌గొమరీ కౌంటీ రవాణాశాఖలో నిరువదియైదేండ్లు పనిచేసిరి. కౌంటీ యనునది మన జిల్లా వంటిది. 2000వ సంవత్సరమున పౌరత్వము లభించెను. 2010లో రాష్ట్రశాసనసభకు ఎన్నికై రెండు పర్యాయములు సభ్యురాలుగా నుండిరి. 2018లో జాతీయ కాంగ్రెసు స్థానమునకై స్వపక్షములోనే పోటీచేసి యోడిరి. 2022లో వెస్ మూర్‌గారితో జతగా నిలిచి లెఫ్టినెంట్ గవర్నరుగా ఎన్నికై, 2023 జనవరి 18వ తేదీని భగవద్గీతపై చేయి యుంచి ప్రమాణము చేసిరి.

పత్రికలు 'ప్రథమ' యను విశేషణముతో నీమెను పొగడి యూరకుండుచున్నవి. ఆ ప్రథమత్వ మింత యాలస్యముగా నేల కలిగెనని యడుగుట చరిత్రకారుని పని. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టున 1809లో జన్మించిన గుస్తావ్ కోర్నర్, 1833లో నచటి తిరుగుబాటులో పాల్గొని గాయపడి, ఆ యేడే అమెరికాకు పాఱిపోయెను. ఇల్లినాయి రాష్ట్రములోని బెల్‌విల్‌లో న్యాయవాదియై, 1842లో శాసనసభ్యుడై, 1853లో ఆ రాష్ట్రమునకు లెఫ్టినెంట్ గవర్నరాయెను. అతనికి ఇరువదియేండ్లు చాలెను. అరుణగారికి ఏబదియొక్క యేండ్లు పట్టెను. ఆమె బాల్యమున వచ్చినందున నీ లెక్క సరికాదనవచ్చును గాని, అసలు భేదము శాసనమునందే కలదు.

1790వ సంవత్సరపు పౌరత్వశాసనము స్వతంత్రులగు తెల్లవారికి మాత్రమే ద్వారము తెఱచెను. 1870లో ఆఫ్రికాసంతతివారికి నది తెఱవబడెను. భారతీయులు తెల్లవారిలో చేరరని 1923లో భగత్‌సింగ్ థిండ్ వ్యాజ్యమున నచటి సర్వోన్నతన్యాయస్థానము తీర్పుచెప్పెను. థిండు అమెరికాసేనలో పనిచేసినవాడైనను ఫలింపదాయెను! 1946లో పౌరత్వార్హత కలిగినను, ఏటికి సుమారు నూర్గురు భారతీయులకు మాత్రమే ప్రవేశముండెను. 1965వ సంవత్సరపు శాసనము వలసద్వారమును విశాలము చేసెను. అరుణగారు వచ్చిన త్రోవ యిదియే. కోర్నరు కాలమున నొక తెలుగువాడు బెల్‌విల్ చేరి యుండినను, ఎంతటి న్యాయకోవిదుడైనను, పౌరుడు కానేరడు.

పదవినిగూర్చి యొకమాట. మనదేశమున లెఫ్టినెంట్ గవర్నరు రాష్ట్రపతిచే నియమింపబడి కేంద్రపాలితప్రాంతములం దుండును. అమెరికారాష్ట్రములలో సాధారణముగా ప్రజలే యెన్నుకొందురు. కోర్నరునకు ఇల్లినాయి సెనేటున నధ్యక్షతాధికార ముండెను. మేరీలాండున నది లేదు. గవర్నరు అప్పగించిన పనులే యా పదవికి ముఖ్యకార్యములు. ఆ రాష్ట్రమున 1864లో నేర్పడిన యీ పదవి 1867లో తొలగింపబడి, 1970లో, అనగా నరుణగారు అమెరికా చేరుటకు రెండేండ్లు ముందు, మరల స్థాపింపబడినది.