ముక్కు నెత్తురు, ముట్టు నెత్తురు

పరిశోధన కోసం ఆడవాళ్ల పాటలు సేకరిస్తూ శంషాబాద్ విమానాశ్రయం పక్క ఊళ్లో తిరిగిన రోజుల్లో ఒక పదమూడేళ్ల పిల్లను చూశాను. చిన్నప్పటినుంచీ ఆమెకు తరచూ ముక్కునుంచి రక్తం కారేది. 2008లో విమానాశ్రయం వచ్చాక పెరిగిన దుమ్మే కారణమని కొందరన్నారు. "వేడి చేసింది, గంతే" అంది నానమ్మ. పెద్దమనిషి అయినప్పుడు పదిహేను రోజులైనా రక్తం ఆగలేదు. దాన్ని ఆడపుట్టుక అన్నారు. ముక్కు సంగతి నలుగురికీ చెప్పారు. ముట్టు సంగతి దాచారు. రెండింటినీ కలిపి చూసినవాళ్లు లేరు.

అలా చూడకపోవడానికి పాత చరిత్రే ఉంది. ముట్టు ఆగిన స్త్రీకి ముక్కునుంచి రక్తం పడితే మంచిదేనని ప్రాచీన గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ పేరిట ఉన్న సూత్రాలు చెప్పాయి. అది దారి మార్చుకున్న ముట్టేనని 19వ శతాబ్దంలో కూడా వైద్యులు రాశారు. ఇక రక్తం ఆగని జబ్బంటే హీమోఫీలియా, అది మగపిల్లలదన్నారు.

ఫిన్లాండ్‌కు చెందిన ఆలండ్ దీవుల్లోని యోర్దిస్ అనే పిల్ల ఆ నమ్మకాన్ని కదిలించింది. ఆమె అక్కచెల్లెళ్లలో కొందరు రక్తస్రావంతోనే చనిపోయారు. ఆ కుటుంబాన్ని పరిశీలించి ఎరిక్ వాన్ విల్లెబ్రాండ్ 1926లో రాసిన వ్యాసం, ఆడవాళ్లకూ వచ్చే మరో జబ్బును బయటపెట్టింది. యోర్దిస్ మాత్రం పదమూడో ఏట, నాలుగో ముట్టులో రక్తం ఆగక చనిపోయింది.

నేను చూసిన పిల్లది గ్లాంజ్‌మన్ థ్రాంబాస్థీనియా. స్విస్ పిల్లల వైద్యుడు గ్లాంజ్‌మన్ 1918లో దాన్ని వివరించాడు. ఇందులో ప్లేట్‌లెట్ల సంఖ్య మామూలుగానే ఉంటుంది, అవి ఒకదానికొకటి అతుక్కోవు, అంతే. అందుకే లెక్కించే పరీక్షలో జబ్బు దొరకదు. లోపమున్న జన్యువు తల్లినుంచీ తండ్రినుంచీ కూడా అందితేనే ఇది వస్తుంది. ఒకరినుంచే అందినవాళ్లు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు.

"మీ నాయినోళ్ల నెత్తురే గట్ల" అని నానమ్మ కోడలిని ఎన్నోసార్లు అంది. ఆ కోడలు ఆమె కూతురి కూతురే. సొంత మేనమామకిచ్చి చేశారు. మేనమామ కూతుర్ని పెళ్లాడటం దక్షిణాది ఆచారమని బౌధాయన ధర్మసూత్రం ఏనాడో చెప్పింది. 1955 హిందూ వివాహ చట్టం కూడా, ఆచారం ఉన్నచోట ఇలాంటి పెళ్లిళ్లను ఒప్పుకుంది. మేనరికం చేసినవాళ్లందరికీ ఇలా జరగదు. కానీ ఈ ఇంట్లో భార్యాభర్తలిద్దరికీ ఆ జన్యువు బహుశా ఒకే పెద్దల నుంచి వచ్చివుంటుంది. పెళ్లి చేసినప్పుడు ఒకే నెత్తురు, జబ్బు చేసినప్పుడు పరాయి నెత్తురు!

నగరంలో ఒక డాక్టరమ్మ మొదట అడిగిన ప్రశ్నలు రెండేనట: ముక్కునుంచి ఎన్నిసార్లు? ముట్టు ఎన్ని రోజులు? అప్పటినుంచి ఆ పిల్ల రెండు లెక్కలూ ఒకే నోటు పుస్తకంలో రాసుకుంటోంది. పాటలు పాడిన తల్లి అది తెచ్చి చూపించింది. ఆ ఇంటి ఆడవాళ్ల రక్తం గురించి ఎవరైనా కాగితం మీద పెట్టడం అదే మొదటిసారి.