తువ్వాలు కింద ధర

వ్యవసాయ అర్థశాస్త్రంలో పీజీ చేసే పిల్లలకు నేను మార్కెట్ల గురించి క్లాసులు చెబుతాను. నాది మామూలు బీకాం. ఖమ్మం మార్కెట్లో మొదట ఒక ఖరీదుదారు దగ్గర గుమాస్తాగా చేశాను, తర్వాత మసాలాలు ఎగుమతి చేసే కంపెనీకి మిర్చి కొనిపెట్టాను. వయసు మీదపడ్డాక పిలిచారు, వచ్చాను. ఇట్లా వ్యాపారంలో పనిచేసినవాళ్లను తెచ్చి క్లాసులో నిలబెట్టడం ఈమధ్య పైదేశాల నుంచి వచ్చిన పద్ధతి అని చాలామంది అనుకుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు పాత సంగతులు చెప్పాలనిపిస్తుంది. మన దక్షిణాదిలో ఈ చదువు నాటుకున్నదే బయట తిరిగినవాళ్ల వల్ల.

1915లో మద్రాసు విశ్వవిద్యాలయం భారత ఆర్థికశాస్త్రానికి ఒక ఆచార్య పదవి పెట్టి గిల్బర్ట్ స్లేటర్ అనే ఇంగ్లీషాయన్ని పిలిపించింది. ఆయన అంతకుముందు ఆక్స్‌ఫర్డ్‌లో కార్మికుల కోసం పెట్టిన రస్కిన్ కాలేజీకి ప్రిన్సిపాలు. లండన్‌లోని వూలిచ్‌కు మేయరుగా కూడా చేశాడు. బస్తీ సమస్యలు, కూలి రేట్లు, మనుషుల బతుకులు తెలిసినవాడు. ఇక్కడికొచ్చి చూస్తే పిల్లలు చదివేవన్నీ ఇంగ్లండు ఉదాహరణలే. ఆయనకేమో ఈ దేశపు పల్లె తెలియదు. అప్పుడాయన ఒక పని చేశాడు. సెలవులకు ఊళ్లకు పోయే విద్యార్థుల చేతికి ప్రశ్నల పత్రం ఇచ్చి, మీ ఊరి సంగతులు రాసుకుని రండి అన్నాడు.

ఆ పని ఎంత కష్టమో ఎవరైనా తమ ఊళ్లో చేసి చూస్తే తెలుస్తుంది. పట్నంలో చదివే పిల్లాడు తన ఇంటి అరుగు మీద కూర్చుని సొంత పెదనాన్ననే అడగాలి: భూమి ఎంత, అప్పు ఎంత, వడ్డీ ఎంత, పాలేరుకు ఏటా ఏమిస్తారు అని. పక్క వాడలోకి పోయి, తను ఎన్నడూ గడప తొక్కని ఇళ్ల ముందు నిలబడి అవే ప్రశ్నలు అడగాలి. అట్లా వచ్చిన రాతల్లోంచి 1918లో ‘సమ్ సౌత్ ఇండియన్ విలేజెస్’ అనే పుస్తకం తయారైంది. అందులో తమిళ ఊళ్లతో పాటు అప్పటి కృష్ణా జిల్లా నుంచి ఒక తెలుగు ఊరు ఉంది. ఊనగట్ల. ఇప్పుడది గోదావరి జిల్లాల్లో చాగల్లు దగ్గర. ఇరవై ఏళ్ల తర్వాత పి.జె. థామస్, కె.సి. రామకృష్ణన్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు ఆ ఊళ్లను మళ్లీ సర్వే చేయించి 1940లో అచ్చువేశారు. ఆ మొదటి పుస్తకం గురించి నాకు ఎంత చెప్పినా తనివి తీరదు, ఎందుకంటే అక్కడ గురువుకు పాఠం చెప్పింది విద్యార్థులు.

మనవాళ్లలోనూ అట్లాంటివాళ్లున్నారు. గుంటూరు జిల్లా నిడుబ్రోలు నుంచి ఎన్.జి. రంగా ఆక్స్‌ఫర్డ్ వెళ్లి ఆర్థికశాస్త్రం చదివొచ్చాడు. మద్రాసు పచ్చయప్ప కాలేజీలో పాఠాలు చెప్పాడు. రైతు బిడ్డ కాబట్టి కాలువ నీటి తగాదా ఏమిటో, మోతుబరి ఏమిటో, కౌలు ఏమిటో ఆయనకు పుస్తకంలో చూడాల్సిన అవసరం లేదు. 1926లో డెల్టా పల్లెల ఆర్థిక వ్యవస్థ మీద పుస్తకం వేశాడు. 1930లో చేనేత మీద ఇంకొకటి రాశాడు. 1930ల్లో సొంత ఊళ్లోనే రైతుల కోసం బడి పెట్టి, సహకార సంఘాలు, అప్పులు, శిస్తుల లెక్కలు నేర్పించాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివినాయన నిడుబ్రోలులో రైతులకు అర్థశాస్త్రం చెప్పాడన్న మాట నా క్లాసులో పిల్లలకు తప్పకుండా చెబుతాను. 1964లో పుట్టిన మన వ్యవసాయ విశ్వవిద్యాలయానికి తర్వాత ఆయన పేరే పెట్టారు. ఇటు నిజాం రాజ్యంలో ఎస్. కేశవ అయ్యంగారు 1929-30లో పల్లెల ఆర్థిక పరిశోధన జరిపించి సంపుటాలుగా వేశాడు. తెలంగాణ పల్లె అప్పుల సంగతి వెతుక్కునేవాళ్లు ఇప్పటికీ వాటి దగ్గరికే పోవాలి.

ఇక మార్కెట్. నేను బతికిన చోటు కాబట్టి కాసేపు ఇక్కడే ఆగుతాను.

పూర్వం సరుకు బేరం తువ్వాలు కింద జరిగేది. కొనేవాడు, మధ్యవర్తి ఎదురెదురుగా నిలబడి చేతులు కలుపుతారు, పైన తువ్వాలు కప్పుతారు. లోపల వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. ఒక వేలు పడితే ఒకటి, రెండు పడితే రెండు, చెయ్యంతా పడితే అయిదు. అవి పదులా వందలా అన్నది ఆ ఇద్దరికీ తెలిసిందే. నోటితో ఒక్క మాట అనరు. పక్కనే నిలబడ్డ రైతుకు తువ్వాలు కదలడం కనిపిస్తుంది, అంతే. తర్వాత మధ్యవర్తి వచ్చి, ఇంత పలికింది పెద్దనాయనా అంటే అదే ధర. లిన్‌లిత్‌గో ప్రభువు అధ్యక్షతన వ్యవసాయం మీద వేసిన రాయల్ కమిషన్ 1928లో ఇచ్చిన నివేదిక మార్కెట్లలో జరిగే అన్యాయాలను ఏకరువు పెట్టింది. దొంగ కాటాలు, దేవుడి పేరిట, ధర్మం పేరిట కోతలు, డబ్బివ్వకుండా తీసుకునే పెద్ద పెద్ద మచ్చులు, గుడ్డ కింద రహస్యపు బేరాలు అన్నీ అందులో ఉన్నాయి. నియంత్రిత మార్కెట్లు పెట్టమని సిఫారసు చేసింది. అంతకుముందే బేరారు ప్రాంతంలో 1897 నాటికి పత్తి మార్కెట్లకు చట్టం ఉంది. హైదరాబాద్ రాజ్యంలో 1930లో, మద్రాసులో 1933లో చట్టాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ అంతటికీ కలిపి వచ్చింది 1966లో.

ఈ చట్టాల పేర్లు పిల్లలకు పరీక్ష కోసం నోటికి వస్తాయి. నేను మాత్రం వాళ్ల ముందు తువ్వాలు పరిచి ఇద్దరి చేతులు దాని కిందకి పెట్టిస్తాను. మూడోవాడిని రైతుగా నిలబెడతాను. సమాచారం ఒకవైపే ఉంటే ధర ఏమవుతుందో వాడికి వేరే చెప్పక్కర్లేదు. ఆ తర్వాత యార్డుకు తీసుకుపోతాను. పొద్దున జెండా పాట దగ్గర నిలబెడతాను. ఆ రోజు అన్నిటికన్నా మేలైన సరుకుకు పలికిన ధర అది. మిగతా బస్తాలన్నీ దానికి ఎంత కిందికి పోతాయో, ఎందుకు పోతాయో అక్కడే చూడాలి. గుప్పెడు మిర్చి తీసి పిడికిట్లో నలపమంటాను. బాగా ఎండిన కాయ పెళుసుగా విరిగి, లోపల గింజ గలగలమంటుంది. తేమ ఉన్న కాయ వంగుతుంది తప్ప విరగదు. తేజ రకం కొనేవాడు కారం చూస్తాడు, బ్యాడిగి రకం కొనేవాడు రంగు చూస్తాడు. తెల్లబారిన తాలు కాయ ఎంత కలిసిందో చూసి అందరూ ధర దించుతారు. ఒకే మండలం, ఒకే వారం, మరి క్వింటాలుకు ఇంత తేడా ఎందుకొచ్చింది అని అడిగే విద్యార్థికి జవాబు ఆ పిడికిట్లోనే ఉంది.

మార్కెట్ నుంచి మళ్లీ పొలం లెక్కలకు వస్తే, 1950ల్లో కేంద్రం వ్యవసాయ ఖర్చుల అధ్యయనాలు మొదలుపెట్టింది. చివరికొచ్చేసరికి పశ్చిమ గోదావరి జిల్లాను కూడా చేర్చారు. అందులో ఒక పద్ధతి ప్రకారం లెక్క రాసే మనిషి ఊళ్లోనే కాపురముండి, ఎంచుకున్న రైతు ఇళ్లకు రోజూ పోయి ఆ రోజు ఎన్ని కూలీలు, ఎన్ని అరకలు, ఎంత ఎరువు అని రాసుకోవాలి. అట్లా దేశంలో పలుచోట్ల కూడిన లెక్కలు చూసే అమర్త్య సేన్ 1962లో, చిన్న కమతాల్లో ఎకరానికి దిగుబడి ఎక్కువ వస్తోంది, ఎందుకు అని ప్రశ్న లేవనెత్తాడు. దాని మీద దశాబ్దాల పాటు వాదం నడిచింది. సేన్ పేరు అందరికీ తెలుసు. ఆ లెక్కల పుస్తకాల్లో రోజూ గీతలు గీసి అంకెలు నింపిన ఉద్యోగుల పేర్లు ఎక్కడా లేవు. ఈ చదువుకు వాళ్లు పునాది అని నా నమ్మకం.

సాలెగూడు సిద్ధాంతం అని ఒకటుంది. ఈ ఏటి ధర చూసి వచ్చే ఏటికి విత్తుతారు, అందరూ విత్తేసరికి ధర పడిపోతుంది, పడిందని మానేస్తే మళ్లీ పెరుగుతుంది. దాన్ని 1938లో విస్తారంగా రాసిన మార్డెకై ఎజెకియల్ అమెరికా వ్యవసాయ మంత్రికి ఆర్థిక సలహాదారు, అంటే రోజూ ధరలతో కుస్తీ పట్టినవాడు. మా పిల్లలకు దాన్ని చెప్పడానికి 2017 చాలు. అంతకుముందు ఏడు మిర్చికి మంచి ధర దొరికింది. అంతా మిర్చి వేశారు. వేసవికి యార్డులో బస్తా దించే చోటు లేదు, ధర కుప్పకూలింది. కేంద్రం క్వింటాలుకు 5,000 రూపాయల చొప్పున కొంటామని ప్రకటించాల్సి వచ్చింది. ఆ రోజుల్లో నేను యార్డులోనే ఉన్నాను. బోర్డు మీద గీసే ఆ వంకర గీతల వెనక ఎవరున్నారో చెప్పకుండా ఆ పాఠం చెప్పడం నావల్ల కాదు.

మొన్న సెలవులకు ముందు, ఇంట్లో పాత తక్‌పట్టీలు ఏమైనా ఉంటే తెమ్మన్నాను. రైతు సరుకు అమ్మితే చేతికిచ్చే చీటీ అది. బరువు, ధర, మధ్యవర్తి అయిన అడ్తిదారు కమీషను, హమాలీ, కాటా వేసే దడువాయి కూలి అన్నీ అందులో ఉంటాయి. మహబూబాబాద్ వైపు నుంచి వచ్చే ఒకమ్మాయి వాళ్ల తాత దాచిన కట్ట తెచ్చింది. తేదీల వారీగా పేర్చి కంప్యూటర్లో ఎక్కించింది. సరుకు దాదాపు అంతా మార్చిలో, ధర బాగా తక్కువున్న వారాల్లోనే పోయింది. పేరు చూస్తే ఏటా అదే అడ్తిదారు. “సార్, విత్తనాలకు అప్పు కూడా ఆయన దగ్గరే తెచ్చేవాళ్లంట. తాత చెప్పిండు” అంది. అప్పు ఇచ్చినవాడికే అమ్మడం వల్ల క్వింటాలుకు ఎంత పోయిందో ఇప్పుడా అమ్మాయి లెక్క కడుతోంది. అదే తన థీసిస్. పక్కింటివాళ్ల చీటీలు కూడా అడుగుతానని మళ్లీ ఊరికి వెళ్లింది.