జీరో టికెట్

పొద్దున ఆరు దాటింది. మదనపల్లె టమాటా మార్కెట్ గేటు దగ్గర నిలబడ్డారు మీరు. చెప్పుల కింద చితికిన కాయల జిగురు. బొలెరోల్లోంచి ప్లాస్టిక్ క్రేట్లు దించుతున్నారు. మండీ ముందర వేలం పాడేవాడి గొంతు అప్పుడే బొంగురుపోయింది. సరుకు తెచ్చిన రైతు మాత్రం నోరు మెదపడు. పాట ఎక్కడ ఆగుతుందోనని పాడేవాడి పెదాలకేసే చూస్తుంటాడు. 2023 జూలైలో ఇక్కడే కిలో రెండొందలకు చేరువైంది. సెప్టెంబరుకల్లా కోత కూలికి కూడా చాలని ధరకు పడిపోయింది.

"ఈడ టమాటా రేటు ఎట్లనో జెండాలూ అట్లేనప్పా," అంటాడు టీ బంకు దగ్గర ఒకాయన, గ్లాసు ఊదుకుంటూ.

ఆయన మాటలో అతిశయోక్తి పెద్దగా లేదు. 2009లో మదనపల్లెలో కాంగ్రెస్ తరఫున గెలిచిన షాజహాన్ బాషా, 2024లో సైకిల్ గుర్తు మీద గెలిచారు. మధ్యలో 2014లో దేశాయి తిప్పారెడ్డి, 2019లో నవాజ్ బాషా, ఇద్దరూ వైసీపీ. ముస్లిం ఓట్లు గట్టిగా ఉన్న ఊళ్లో, బీజేపీతో పొత్తు పెట్టుకున్న టీడీపీ తరఫున ముస్లిం అభ్యర్థి గెలవడం ఢిల్లీ విశ్లేషకులకు వింత. బంకు దగ్గర ఎవరూ దాన్ని వింతగా చెప్పరు. "మనిషి తెలిసినోడు" అంటారు, అంతే.

బస్టాండులో కుప్పం ఎక్స్‌ప్రెస్ కదులుతోంది, ఎక్కేయండి. ముందు సీట్లన్నీ ఆడవాళ్లే. కండక్టర్ చేతిలోని మిషన్ కిర్రుమని చీటీ కక్కుతోంది. ఒకావిడ కొంగుముడిలోంచి ఆధార్ కార్డు తీసి చూపిస్తుంది, చీటీ అందుకుని మడిచి అదే ముడిలో దాచుకుంటుంది. స్త్రీ శక్తి, ఆడవాళ్లకు ఉచిత బస్సు పథకం. 2025 ఆగస్టు 15న మొదలైంది. అసలు ఛార్జీ ఎంతో చీటీ మీద ఉంటుంది, ఆమె కట్టాల్సింది మాత్రం సున్నా. వెనక మగాళ్లు నిలబడే ప్రయాణం, గొణుగుడు సహజం. "మా దుడ్లు తీసుకునేది, వాళ్లకు సీట్లిచ్చేది!" ఆమె వెనక్కి తిరిగి చూడను కూడా చూడదు.

జగన్ పథకాలను చూసి రాష్ట్రం శ్రీలంక అయిపోతుందని గోలపెట్టిన టీడీపీయే, 2023 మహానాడులో అంతకు మించిన హామీలు ప్రకటించింది. జగన్ అమ్మఒడి తల్లికొకటి, చంద్రబాబు తల్లికి వందనం బిడ్డకొకటి. మూడువేల పింఛను నాలుగువేలైంది. ఇచ్చేవాడి బొమ్మ తప్ప పథకంలో ఏం మారిందో కొంగుముడి ఆవిడనే అడగండి.

పుంగనూరు. నరేంద్ర మోదీ తన ఇంట్లో మేత పెట్టిన పొట్టి ఆవుల ఊరు. రాజకీయం మాత్రం పొట్టిది కాదు. 2024లో ఇక్కడ బరిలో నిలిచిన ముఖ్యులు ముగ్గురూ రామచంద్రులే: వైసీపీ పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డి, టీడీపీ చల్లా రామచంద్రారెడ్డి, సొంత పార్టీ పెట్టుకున్న బోడె రామచంద్రయాదవ్. రాష్ట్రం మొత్తం మీద వైసీపీకి 11 సీట్లే మిగిలిన ఆ ఎన్నికల్లోనూ పెద్దిరెడ్డి గెలిచారు. అంతకు ముందేడు ఆగస్టు 4న చంద్రబాబు ప్రాజెక్టుల పర్యటనకు వచ్చినప్పుడు, మదనపల్లె పక్కన అంగళ్లులో రాళ్లు లేచాయి, పుంగనూరు బైపాస్‌లో పోలీసు వాహనాలు తగలబడ్డాయి. తప్పు మీదంటే మీదని రెండు పార్టీలూ ఇప్పటికీ అంటూనే ఉన్నాయి.

పాత సంగతి ఒకటి గుర్తు చేసుకోవాలి. 1978లో చంద్రగిరి నుంచి అసెంబ్లీకి వెళ్లిన చంద్రబాబు కాంగ్రెస్. 1989లో పీలేరులో గెలిచిన పెద్దిరెడ్డి కాంగ్రెస్. అదే ఏడు వాయల్పాడులో గెలిచి, తర్వాత ముఖ్యమంత్రి దాకా ఎదిగిన నల్లారి కిరణ్‌కుమార్‌రెడ్డీ కాంగ్రెస్. ముగ్గురిదీ ఒకే జిల్లా. 2024కు వచ్చేసరికి ఒకరు టీడీపీ, ఒకరు వైసీపీ, ఒకరు బీజేపీ. కిరణ్ రాజంపేట లోక్‌సభకు పోటీచేసి పెద్దిరెడ్డి కొడుకు మిథున్‌రెడ్డి చేతిలో ఓడారు. కిరణ్ తమ్ముడు కిశోర్ అదే ఎన్నికల్లో పీలేరులో టీడీపీ తరఫున గెలిచారు. అన్నదమ్ములవి వేర్వేరు జెండాలు, కూటమి ఒక్కటే.

పలమనేరులో బస్సు కాసేపు ఆగుతుంది, దిగి కాళ్లు చాపుకోండి. ఇది అమర్‌నాథరెడ్డి ఊరు. 2014లో వైసీపీ గుర్తు మీద గెలిచి, 2016లో టీడీపీలోకి వచ్చి, 2017లో మంత్రి అయ్యారు. రాజీనామా లేదు, అనర్హత వేటూ పడలేదు. అలా వైసీపీ నుంచి టీడీపీ తెచ్చుకున్న ఎమ్మెల్యేలు 23 మంది. 2019లో టీడీపీకి వచ్చిన సీట్లు కూడా 23. దేవుడి స్క్రిప్టు అని జగన్ ఎద్దేవా చేశారు. ఐదేళ్లకు ఆయనకు వచ్చినవి 11.

పక్కసీటు పెద్దాయన కొడుకు అమెరికాలో ఉన్నాడట. "ఆడ కూడా ఇట్లే దూకుతారా సార్?" అని అడుగుతాడు. దూకుతారు. రొనాల్డ్ రీగన్ 1962 దాకా డెమోక్రాటే. 2001లో జిమ్ జెఫర్డ్స్ అనే సెనేటర్ రిపబ్లికన్ పార్టీ వదిలేసరికి సెనేట్ మెజారిటీయే తారుమారైంది. అక్కడ ఫిరాయింపుల నిరోధక చట్టమే లేదు, మనకు 1985 నుంచీ ఉంది. కానీ అక్కడ పెద్ద కదలిక ఓటర్లది. 1964 పౌరహక్కుల చట్టం తర్వాత దక్షిణాది తెల్లవాళ్లు దశాబ్దాల మీద ఒక పార్టీ వదిలి ఇంకో పార్టీకి నడిచారు. వాళ్లను కదిలించింది ఒక విధానం, అది తప్పో ఒప్పో వేరే మాట. ఇక్కడ నాయకుడు కదిలితే అనుచరులు కదులుతారు, విధానం గురించి ఎవరూ నోరెత్తరు. పెద్దాయన తలూపి కళ్లు మూసుకున్నాడు.

వి.కోట దాటాక మాటల్లో అరవం, కన్నడం కలుస్తాయి. కుప్పం. రైల్వేస్టేషన్‌కు నడవండి. బెంగళూరు పనికి పోయే కుర్రాళ్లు, భుజాన టిఫిన్ సంచులు. 1989 నుంచి ఇక్కడ ఎమ్మెల్యే ఒక్కరే, చంద్రబాబు. వరసగా ఎనిమిది గెలుపులు. కుప్పాన్ని మున్సిపాలిటీ చేసింది, రెవెన్యూ డివిజన్ చేసింది మాత్రం జగన్ ప్రభుత్వం. హంద్రీ-నీవా నీళ్లకు హారతులు కూడా రెండు. 2024 ఫిబ్రవరి 26న రామకుప్పం మండలం రాజుపేట దగ్గర జగన్ విడుదల చేశారు. అది ఒక్కరోజు ముచ్చటేనంది టీడీపీ. 2025 ఆగస్టు 30న పరమసముద్రం చెరువు దగ్గర చంద్రబాబు జలహారతి ఇచ్చారు. శ్రీశైలం నుంచి వందల కిలోమీటర్లు ఎత్తిపోసుకుంటూ తెచ్చిన కృష్ణా నీళ్లు. చెరువు నిండాక అవి ఎవరి హారతివని రైతు ఎందుకు అడుగుతాడు? పక్క చెరువుకు ఎప్పుడొస్తాయనేదే అతని ప్రశ్న. ఆ ప్రశ్న మీద కొట్లాడే పార్టీ ఏదీ నాకు కనిపించలేదు.

చివరిగా మున్సిపల్ ఆఫీసు. 2021 నవంబరులో కుప్పం ఓటర్లు 25 వార్డుల్లో 19 వైసీపీకి, 6 టీడీపీకి ఇచ్చారు. చంద్రబాబు కోట కూలిందని రాష్ట్రమంతా రాశారు. అసెంబ్లీ సీట్లన్నీ తమవేనన్న వైసీపీ 'వై నాట్ 175' నినాదానికి ఊపు వచ్చింది ఇక్కడే. 2024లో ప్రభుత్వం మారింది. చైర్మన్ రాజీనామా చేసి టీడీపీలో చేరారు, కౌన్సిలర్లు కొందరు అదే బాట పట్టారు, 2025 ఏప్రిల్‌లో పీఠం టీడీపీది అయింది. 2021కీ ఆ రోజుకీ మధ్య కుప్పం మున్సిపాలిటీకి మళ్లీ సాధారణ ఎన్నికలు జరగలేదు.