విశ్వాసం రాసిచ్చే కాగితం: అమెరికా గోడ, తిరుమల డిక్లరేషన్

తిరుమలలో దర్శనానికి వచ్చే అన్యమతస్థులు ఒక కాగితం మీద సంతకం పెట్టాలన్నది నియమం. దాన్ని అందరూ డిక్లరేషన్ అనే అంటారు. తాను హిందువు కాకపోయినా వేంకటేశ్వరస్వామి మీద విశ్వాసం, భక్తి ఉన్నాయి, దర్శనానికి అనుమతించండి అన్నది దాని సారాంశం. పెద్ద పదవిలో ఉన్నవాళ్లెవరైనా కొండెక్కితే సంతకం పెట్టారా లేదా అని నాలుగు రోజులు రచ్చ నడుస్తుంది. అదే, తిరుపతిలోనే పుట్టి పెరిగి, ఇంటిల్లిపాదికీ దేవుళ్ల పేర్లే ఉండి, దేవుడు లేడని ముప్పై ఏళ్లుగా టీ అంగడి దగ్గర వాదించే మనిషి ఇంట్లోవాళ్ల పోరు పడలేక మూడొందల టికెట్టు కొని క్యూలో నిలబడ్డాడనుకోండి. ఆయన్ను ఎవరూ ఏ కాగితమూ అడగరు. నమ్మకం ఉన్న పరమతస్థుడు రాసివ్వాలి, నమ్మకం లేని ఇంటివాడు రాసివ్వక్కర్లేదు. కాగితంలో రాసుండేది విశ్వాసం గురించే గానీ, అది చూసేది పుట్టుకను.

అమెరికాలో మతానికీ రాజ్యానికీ ఉన్న సంబంధాన్ని తిరుపతి నుంచి చూసే లౌకిక మానవవాదికి ఈ కాగితమే మంచి మొదలు అని నా అభిప్రాయం. సాధారణంగా మొదలుపెట్టేది వేరే చోట. ప్రభుత్వం గుళ్లను వదిలెయ్యాలి అన్న వాదన వచ్చినప్పుడల్లా అమెరికాలో రెండింటికీ మధ్య గోడ ఉందట కదా అనే మాట వినిపిస్తుంది. తెలుగు మానవవాదులకు అమెరికా కొత్త కాదు. వాళ్లు గురువుగా భావించే నరేంద్రనాథ్ భట్టాచార్య ఎం.ఎన్. రాయ్‌గా పేరు మార్చుకున్నది 1916లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో. ఆయన రచనల్ని తెలుగులోకి తెచ్చిన నరిసెట్టి ఇన్నయ్య తర్వాత అమెరికాలోనే స్థిరపడ్డారు. అటునుంచి చూస్తే, మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి తనను జగద్గురువుగా నిలబెట్టిన సంఘాన్ని 1929లో తానే రద్దు చేసి, చివరికి 1986లో కాలిఫోర్నియాలోని ఓహైలో కన్నుమూశారు. రాకపోకలకు కొదవ లేదు. కొదవల్లా ఆ గోడను ఎవరు, ఎందుకు కట్టమన్నారని అడగడంలోనే.

గోడ అన్న మాట అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ 1802 జనవరి 1న కనెక్టికట్ రాష్ట్రంలోని డాన్‌బరీ బాప్టిస్టులకు రాసిన జవాబులోది. ఆ బాప్టిస్టులు నాస్తికులు కారు, గట్టి విశ్వాసులు. కనెక్టికట్‌లో అప్పటికి ప్రభుత్వ ఆదరణ కాంగ్రిగేషనల్ చర్చికి ఉండేది, 1818 దాకా ఉంది. తమది కాని చర్చి పోషణకు పన్ను కట్టాల్సి రావడం, మినహాయింపు కావాలంటే తాము ఫలానా సంఘం వాళ్లమని సర్టిఫికెట్ చూపించాల్సి రావడం చిన్న సంఘాలవాళ్ల బాధ. అక్కడా ఒక కాగితమే! విశ్వాసాన్ని కాగితం మీద నిరూపించుకోవాల్సి వచ్చినవాళ్లే గోడ కావాలన్నారు.

ఈ కాగితాల వరసలో ఇంకొకటి తిన్నగా మన దగ్గరికి వస్తుంది. 1890 నాటి డేవిస్ వర్సెస్ బీసన్ కేసు. ఐడహోలో ఓటరుగా నమోదు కావాలంటే బహుభార్యాత్వాన్ని బోధించే సంఘంలో సభ్యుణ్ని కానని ప్రమాణం చెయ్యాలి. గురి మార్మన్ మతశాఖ వాళ్ల మీద. అమెరికా సుప్రీంకోర్టు ఆ ప్రమాణాన్ని సమర్థిస్తూ, సృష్టికర్తతో తనకున్న సంబంధం గురించి మనిషికి ఉండే భావనలే మతం అన్న అర్థంలో నిర్వచనం ఇచ్చింది. అరవై నాలుగేళ్ల తర్వాత ఆ నిర్వచనం మన సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. 1954 నాటి శిరూరు మఠం కేసులో సవాలుకు గురైంది 1951 మద్రాసు హిందూ మత, ధర్మాదాయ చట్టం. అప్పట్లో తిరుమల కూడా ఆ చట్టం కిందే ఉండేది. జస్టిస్ బి.కె. ముఖర్జియా ఆ అమెరికా నిర్వచనం ఇక్కడ చాలదన్నారు. దేవుణ్ని ఒప్పుకోని బౌద్ధం, జైనం కూడా మతాలే కదా అన్నది ఆయన చూపిన కారణం. అమెరికా కోర్టు అదే మాట చెప్పడానికి ఇంకో ఏడేళ్లు పట్టింది. మేరీలాండ్‌లో నోటరీ పదవికి ఎంపికైన రాయ్ టోర్కాసో దేవుడున్నాడని నమ్ముతున్నట్టు ప్రకటించనన్నాడు. పదవి ఇవ్వలేదు. 1961లో అతను గెలిచాడు. ఆ తీర్పు అడుగున ఒక చిన్న పాదసూచికలో, దేవుడి అస్తిత్వం మీద ఆధారపడని మతాల జాబితాలో, బౌద్ధం, తావోయిజం పక్కనే లౌకిక మానవవాదమూ చేరింది. తమను మతాల పట్టీలో చేర్చినందుకు సంతోషించాలో విసుక్కోవాలో మానవవాదులకు ఇప్పటికీ తేలలేదు.

ఇక రాజ్యం గుడిని వదిలెయ్యడం. ఆ ప్రయోగం తిరుమలలో ఒకసారి జరిగింది. 1801లో ఈ సీమ ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చాక కొండ మీది ఆదాయవ్యయాలన్నీ కలెక్టరు కచేరీ చూసేది. కలెక్టరు స్ట్రాటన్ 1803లో ఆలయ వ్యవహారాల మీద నివేదిక ఇచ్చాడు, 1821లో ఆలయ నిర్వహణకు నియమావళిగా బ్రూస్ కోడ్ వచ్చింది. వంశపారంపర్యంగా వచ్చే మిరాశీదారుల్లో ఎవరికి ఏ హక్కు, ఏ కైంకర్యానికి ఎంత అని క్రైస్తవ దొరలు కూర్చుని లెక్కలు రాశారు. ఇది ఇంగ్లండులోని మిషనరీ వర్గాలకు కంటగింపయింది. విగ్రహారాధనతో సంబంధం తెంచుకోమని 1833లో కంపెనీ డైరెక్టర్ల ఉత్తర్వు వచ్చింది. సరిగ్గా ఆ ఏడే మసాచుసెట్స్ తన రాష్ట్ర చర్చికి పన్ను మద్దతు ఆపేసింది. కానీ రెండూ ఒకటి కావు. అక్కడ చిన్న సంఘాలవాళ్లు తమ స్వేచ్ఛ కోసం గోడ కట్టించుకున్నారు. ఇక్కడ పాలకుల మతం వాళ్లు తమ అంతరాత్మ శుద్ధి కోసం చేతులు కడుక్కోమన్నారు. ఉత్సవాలకు సైనికుల్ని పంపాల్సిరావడం నచ్చక మద్రాసు సేనాధిపతి మెయిట్‌లాండ్ 1838లో రాజీనామా చేశాడంటే ఆ ఒత్తిడి ఏపాటిదో ఊహించవచ్చు. భక్తుణ్ని ఎవరూ అడగలేదు.

1843లో ఆలయ నిర్వహణ సనదు హథీరాంజీ మఠం మహంతు సేవాదాసు చేతికి వెళ్లింది. తర్వాత తొంభై ఏళ్లు మహంతుల పాలన. తిరుపతిలో బళ్లూ ఇతర పనులూ ఆ కాలంలో జరిగిన మాట నిజమే, దాన్ని తోసెయ్యకూడదు. కానీ లెక్క అడిగే నాథుడు లేడు. ధ్వజస్తంభం కింద పూడ్చిన పాత్రలో బంగారు నాణేలుండాలి. అనుమానమొచ్చి తవ్విస్తే రాగి నాణేలు బయటపడ్డాయని మహంతు భగవాన్‌దాసు మీద క్రిమినల్ కేసు నడిచింది, శిక్షా పడింది. నిర్వహణ తగాదా ప్రీవీ కౌన్సిల్ దాకా పోయింది. రాజ్యం తప్పుకున్న చోటికి భక్తుడు వస్తాడనుకోవడం పొరపాటు, ఇక్కడ వచ్చింది వకీలు. చివరికి 1933లో చట్టం తెచ్చి దేవస్థానానికి కమిటీ, కమిషనరు పెట్టారు. తర్వాత 1951, 1966, 1987 చట్టాలు. 1987 చట్టం మిరాశీ హక్కుల్ని రద్దు చేస్తే అర్చకులు సుప్రీంకోర్టుకెళ్లారు. అర్చకత్వం మతవిధే అయినా అర్చకుణ్ని నియమించడం లౌకికమైన పని అని 1996లో కోర్టు తేల్చింది. మానవవాదికి ఇది పెద్ద తీర్పు. గర్భాలయం గడప దాకా రాజ్యాంగం నడిచి వెళ్లింది మరి.

అమెరికాలో ఈ పని ఊహకందదు. అక్కడ చర్చి పాస్టరును ఎవరు నియమించాలో కోర్టు చెప్పదు. చర్చిలు పన్ను శాఖకు వార్షిక లెక్కలు కూడా దాఖలు చెయ్యక్కర్లేదు. ఇక్కడ దేవస్థానం బడ్జెట్టు ఏటా పేపర్లో వస్తుంది, హుండీ రాబడి అంచనా ఎంతో తిరుచానూరు పూలమ్మే ఆవిడకూ తెలుసు. స్వామి ఒక్కడే గానీ, పిట్స్‌బర్గ్ దగ్గర పెన్‌హిల్స్‌లో 1970లలో దేవస్థానం సాయంతో కట్టిన వేంకటేశ్వరాలయం అమెరికా చట్టం దృష్టిలో సభ్యులు నడుపుకునే ప్రైవేటు సంస్థ. ఇక్కడ ఆయన చట్టసభ చేసిన చట్టం కింద ఉంటాడు.

అయితే గోడ ఉన్నంతమాత్రాన అమెరికా రాజకీయాల్లో మతం లేకుండా పోలేదు. 1954లో జాన్సన్ సవరణ చర్చిలను ఎన్నికల ప్రచారానికి దూరం పెట్టింది. ఆ ఏడాదే విధేయతా ప్రతిజ్ఞలో దేవుడి ప్రస్తావన చేర్చారు. శ్వేతజాతి ఎవాంజెలికల్ ఓటర్లలో పదింట ఎనిమిదిమంది దాకా 2016 నుంచి మూడు ఎన్నికల్లో ట్రంప్ వెంట నిలిచారు. అక్కడ మతం పార్టీలోకి నడుస్తుంది. ఇక్కడ పార్టీ పాలకమండలి జాబితా పట్టుకుని కొండెక్కుతుంది. ప్రభుత్వం మారితే బోర్డు మారుతుంది, సిఫార్సు లేఖల మీది సంతకాలు మారతాయి. లెక్కలకు జవాబుదారీ కోసం రాజ్యాన్ని పిలిచాం, అది చుట్టాల్ని వెంటబెట్టుకొచ్చింది. గుడిని మళ్లీ మహంతుకో కొత్త మహంతుకో అప్పగించమనడం దానికి మందు కాదని 1843 చెబుతోంది. బోర్డు నియామకానికి పార్టీకి అతీతమైన పద్ధతి, లెక్కలకు స్వతంత్ర ఆడిట్ అడగడం మానవవాది చెయ్యదగిన పని.

కాగితం సంగతి అంత తేలిగ్గా తేలదు. దేవస్థానం ఉద్యోగాల దగ్గరా ఇదే ప్రశ్న. ఉద్యోగాల్లో మతం చూడకూడదన్న మన రాజ్యాంగం 16వ అధికరణమే, అయిదో ఉపభాగంలో, మతసంస్థ వ్యవహారాలకు సంబంధించిన పదవుల్ని మినహాయించింది. అర్చకుడికి ఆ మినహాయింపు సబబే. పద్దులు రాసే గుమాస్తాకు, ఆస్పత్రిలో కట్టు కట్టే నర్సుకు, కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే మాస్టరుకు కూడా అది వర్తించాలా? అర్చకుడి నియామకమే లౌకికమైతే గుమాస్తా మతం ఎలా అవసరమైంది? టోర్కాసో అడిగిందీ నోటరీ ముద్ర వేసే పని కోసమే. దర్శనం క్యూలోని డిక్లరేషన్ మరో విషయం. ఏ గుడికైనా తన గడప దగ్గర మర్యాద కోరే హక్కు ఉంది, దాన్ని నేను కాదనను. కానీ మర్యాదగా ఉంటానని రాయించుకోవడం ఒకటి, నమ్ముతున్నానని రాయించుకోవడం ఒకటి. మొదటిది చెప్పులు విప్పడం లాంటిది, అందరినీ అడగవచ్చు, దేవుడు లేడనే మన టీ అంగడి మనిషితో సహా. రెండోది అడిగితే ఆయన పెట్టే సంతకం అబద్ధమవుతుంది. అందుకేనేమో ఆయన్ను అడగరు. లోపలికెళ్తాడు, గోవిందా అని జనం అరుస్తుంటే నోరు మెదపకుండా స్వామి వైపు ఓ చూపు చూస్తాడు, బయటికొచ్చి భార్య చేతిలోని లడ్డూలో సగం తుంచుకుంటాడు.