దిగు, దింపు, దింపించు

కోవూరులో రైసుమిల్లు ముందు లారీ ఆగితే డ్రైవరు దిగుతాడు, కూలీలు బస్తాలు దింపుతారు, మిల్లు యజమాని దింపిస్తాడు. ఒకే ధాతువు, మెట్టుకొక కర్త చొప్పున పెరిగింది. 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి, ఇంకొకరిచేత పని చేయించడాన్ని చెప్పే ఈ ప్రేరణార్థకానికి సూత్రం కట్టాడు. అయితే ఈ మెట్లన్నీ ఒకేసారి కట్టినవి కావు. దిగు–దింపు, తిరుగు–తిప్పు, మునుగు–ముంచు వంటి జంటల్లో ధాతువు చివరి భాగమే మారుతుంది. తమిళంలోనూ తిరుంబు–తిరుప్పు ఉంది కనుక ఈ పద్ధతి తెలుగు విడిగా ఏర్పడక ముందటిదే. భద్రిరాజు కృష్ణమూర్తి 1961లో ప్రచురించిన ‘తెలుగు వెర్బల్ బేసెస్’ గ్రంథం ఇలాంటి ధాతువుల పుట్టుకను తులనాత్మకంగా పరిశీలించింది. ఈ తీరులో కొత్త జంటలు ఇప్పుడు పుట్టడం లేదు. ఆ పని ‘ఇంచు’ ప్రత్యయానికి దక్కింది. అది పాతదాని మీద కూర్చుంటుంది: దింపించు, తిప్పించు, ముంచించు.

అలాగని ‘ఇంచు’ నిన్నమొన్నటిది కాదు. కన్నడంలో ‘ఇసు’, పాత తమిళంలో ‘వి, ప్పి’ ఇదే పని చేస్తాయి. కొత్తది దాని పుట్టుక కాదు, పెత్తనం. మరి ప్రేమించు, ఆరంభించు అన్న మాటల్లో ప్రేరణ ఎక్కడుందని అడగొచ్చు. అక్కడ ‘ఇంచు’ సంస్కృత నామాన్ని క్రియగా మారుస్తుందే తప్ప కర్తను పెంచదు. అందుకే ప్రేరణ కావలసినప్పుడు ఆరంభింపజేయు అని మళ్లీ ఒక మెట్టు కట్టుకోవాలి.

టర్కీ భాషలోనూ ఇవే మెట్లు: ఇన్ అంటే దిగు, ఇన్‌దిర్ అంటే దింపు, ఇన్‌దిర్త్ అంటే దింపించు. 1856లో భాషావేత్త కాల్డ్వెల్ ద్రావిడ భాషలకు ఆ వైపు చుట్టరికం కలపజూశాడు. ప్రత్యయాలు వరసగా అతికే తీరు ఒకటైనంత మాత్రాన రక్తసంబంధం తేలదు. ధ్వనులు క్రమంగా సరిపోలాలి, అవి సరిపోలవు. వాక్యంలోనూ తేడా ఉంది. బిడ్డకు తినిపించినా, కూలీచేత దింపించినా టర్కీ వాళ్లకు ‘కు’ విభక్తే. తెలుగు మాత్రం పుచ్చుకునేవాడికి ‘కు’, పని చేసిపెట్టేవాడికి ‘చేత’ అని విడదీస్తుంది.

ఇప్పుడు పెత్తనం మళ్లీ చేయి మారుతోంది. సంస్కృత పదాలకు నేరుగా అతికిన ‘ఇంచు’ ఇంగ్లీషు మాటలకు అతకడం లేదు. రిపేరు చేయిస్తాం, బుక్ చేయిస్తాం. కొత్త మాటలకు ప్రేరణ ఇక ‘చేయించు’ ద్వారానే వస్తోంది.