పేరులేని ఉప్పెన

గోదావరి సముద్రంలో కలిసే చోట పుట్టినవాళ్లకు ఉప్పెన కొత్త కాదు. 1839లో కోరంగి రేవును ముంచింది ఉప్పెనే. 1996 నవంబరు తుఫాను కోనసీమ కొబ్బరితోటల్ని నేలకూల్చిన రాత్రిని ఇక్కడ ఇంకా ఎవరూ మరిచిపోలేదు. అందుకే మన తీరానికి గుర్తులు తెలుసు. గాలి తిరుగుతుంది, మబ్బు కమ్ముతుంది, సముద్రం హోరు మారుతుంది. అప్పుడు పడవలు పైకి లాగుతారు, పిల్లల్ని తీసుకుని ఊళ్లోకి పోతారు.

2004 డిసెంబరు 26న ఆ గుర్తుల్లో ఒక్కటీ లేదు. మార్గశిర పౌర్ణమి, పైగా ఆదివారం. పుణ్యస్నానాలకు వచ్చినవాళ్లు, వల సర్దుకునేవాళ్లు, ఇసుకలో ఆడుకునే పిల్లలు. సముద్రాన్ని అనుమానించడానికి ఎవరికీ కారణం కనిపించని ఉదయం అది.

6 గంటల 29 నిమిషాలకు సుమత్రా పక్కన సముద్రగర్భం చీలింది. ఆ చీలిక ఉత్తరంగా అండమాన్ దాకా సుమారు 1,300 కిలోమీటర్లు పాకింది. తీవ్రత 9.1. మన తీరంలో కొన్నిచోట్ల నేల సన్నగా కంపించి ఊరుకుంది.

భూమి ముందే ఒకసారి కదిలి చూపింది. 2002 నవంబరు 2న, అక్కడికి దగ్గర్లోనే, సిమెలూ దీవి పక్కన 7.3 తీవ్రతతో కంపించింది. కానీ ఎంత నిర్దయ! పూర్వ ప్రకంపన అన్న పేరు పెద్ద కంపం వచ్చి పోయాకే దానికి దక్కుతుంది. వచ్చిన రోజున అది అన్నింటిలో ఒక భూకంపం, అంతే. 1881లో నికోబార్ దగ్గర భూమి కదిలినప్పుడు పుట్టిన అలల్ని బంగాళాఖాతం తీరంలోని కొలత యంత్రాలు గీసి పెట్టాయి. ఆ గీతలు కాగితం మీదే ఉండిపోయాయి, మన అమ్మమ్మల కథల్లోకి రాలేదు.

సిమెలూలో మాత్రం అలలు కథల్లోకి వచ్చాయి. 1907లో మునిగిపోయిన తమవాళ్ల కథను ఆ దీవి జనం ‘స్మాంగ్’ అన్న ఒక్క మాటలో దాచుకుని, పాటలుగా పిల్లలకు నేర్పారు. నేల గట్టిగా ఊగితే కొండెక్కమని. భూకంపానికి అంత దగ్గర్లో ఉండి కూడా, వేల మంది బతికిన ఆ దీవిలో అలకు పోయినవాళ్లు ఏడుగురే.

మన డెల్టాలో కొండలు లేవు. అల ఇక్కడికి చేరడానికి పట్టిన రెండున్నర గంటలే మనకున్న కొండ. ఆ కొండ ఎక్కమని చెప్పే గొంతు ఆనాడు హిందూ మహాసముద్రం చుట్టూ ఎక్కడా లేదు. తొమ్మిది గంటల వేళ నీళ్లు లేచాయి. అలకూ అలకూ మధ్య సముద్రం వెనక్కి జరిగితే అయిపోయిందనుకున్నారు. ఉభయ గోదావరి జిల్లాలూ తమవాళ్లను పోగొట్టుకున్నాయి. రాష్ట్రంలో వందమందికి పైగా వెళ్లిపోయారు.

ఆ తర్వాత నెలల తరబడి భూమి వణుకుతూనే ఉంది. 2005 మార్చి 28న పక్కనున్న నియాస్ దగ్గర 8.6తో మళ్లీ విరిగింది. 2007లో హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రం వచ్చింది. ఇప్పుడు గొంతు ఉంది. వినే చెవులూ ఉండాలి. మీ పిల్లలకు ఈ ఒక్క మాట చెప్పండి: సముద్రం ఎప్పుడూ లేనట్టు వెనక్కి పోతే, చూడ్డానికి ముందుకు వెళ్లొద్దు.